"ఐ నో" ని స్పానిష్‌లో ఎలా చెప్పాలి? ముందు తెలుగులో చెప్పి చూడండి

అమెరికాలో హైస్కూల్లో స్పానిష్ తీసుకున్న తెలుగు పిల్లలకి మొదటి రెండేళ్ళలోనే ఒక చిక్కు వస్తుంది. ఇంగ్లీషులో "ఐ నో" అని ఒకే మాటతో సరిపెట్టేసే చోట స్పానిష్‌లో రెండు క్రియలున్నాయి. ఒకటి సబేర్, రెండోది కొనొసేర్. టీచర్ బోర్డు మీద రెండు గడులు గీస్తారు. సమాచారమైతే సబేర్, మనుషులూ ఊళ్ళూ అయితే కొనొసేర్. పిల్లలు బట్టీ పడతారు, క్విజ్ రాస్తారు, నెల తిరక్కుండా మర్చిపోతారు.

నేను చెప్పదలచుకున్నది ఇది. మనలాంటి ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఆ రెండు గడుల కంటే మంచి పనిముట్టు ఉంది. అది తెలుగు. ఇంగ్లీషు మాటకి స్పానిష్ అర్థం వెతికే ముందు, అదే వాక్యాన్ని ఒకసారి తెలుగులో అనుకుని చూస్తే సగం చిక్కు విడిపోతుంది. మిగతా సగం ఎందుకు విడిపోదో కూడా తెలుస్తుంది. అది కూడా తక్కువ లాభం కాదు.

ముందుగా ఒక చిన్న మాట. తెలుగు లిపిలో రాస్తే "తెలుసు" అనే నో, "కాదు" అనే నో అచ్చం ఒకేలా ఉంటాయి. స్పానిష్‌లో "కాదు" కి కూడా నో అనే అంటారు, సరిపోయింది! ఈ పోస్టులో ఇంగ్లీషు నో అని రాసినప్పుడల్లా "తెలుసు" అనే నో అనుకోండి. స్పానిష్ వాక్యంలో వచ్చేది మాత్రం "కాదు" అనే నో.

నేను హ్యూస్టన్‌లో పుట్టి పెరిగాను. స్పానిష్ నాలుగేళ్ళు బళ్ళో చదివాను. తెలుగు చదవడం, రాయడం మాత్రం కాలేజీ అయిపోయాక సొంతంగా మొదలుపెట్టాను. అంటే సబేర్, కొనొసేర్ ముందు వచ్చాయి, "ఎరుగుదును" చాలా తర్వాత వచ్చింది. వరస తిరగబడింది కాబట్టే ఈ పోలికలు నా కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపించాయేమో.

ఇప్పుడు టీచర్ గడుల సంగతి చూద్దాం. ఒక పాట ఉంది. "ఐ నో దట్ సాంగ్" అనాలి. పాట మనిషి కాదు, ఊరు కాదు. అయితే సబేర్ వాడాలా? స్పానిష్‌లో రెండూ అనొచ్చు, అర్థమే మారుతుంది. "కొనోస్కో లా కాన్సియోన్" అంటే ఆ పాట విన్నాను, అదేదో గుర్తుపడతాను అని. "సే లా కాన్సియోన్" అంటే అది నాకు నోటికి వచ్చు, కావాలంటే పాడతాను అని. గడుల సూత్రంతో ఇది ఎలా చెప్పాలి? చెప్పలేం. తెలుగులో అనండి: "ఆ పాట నాకు తెలుసు." "ఆ పాట నాకు వచ్చు." అంతే, పని అయిపోయింది. పద్యం, ప్రార్థన, లెక్కల ఫార్ములా, ఏదైనా ఇంతే. పెళ్ళిలో ఎవరైనా "ఆ పాట తెలుసా?" అని అడిగితే అవునంటాం. "వచ్చా?" అని అడిగితే ఒక్క క్షణం ఆగి, మైకు ఎక్కడుందో చూసుకుని, అప్పుడు జవాబు చెప్తాం.

"వచ్చు" అనే ఈ మాట నాకు చాలా ఇష్టం. ఈత వచ్చు, వంట వచ్చు, డ్రైవింగ్ వచ్చు, తెలుగు వచ్చు. మనం ఆ విద్య దగ్గరికి వెళ్ళినట్టు కాదు, అదే మన దగ్గరికి వచ్చినట్టు ఉంటుంది. స్పానిష్ ఇక్కడ సబేర్ వాడుతుంది. "సే నదార్" అంటే ఈత వచ్చు. మధ్యలో "ఎలా" అనే మాట అక్కర్లేదు. ఇంగ్లీషులోంచి మార్చేవాళ్ళు "హౌ టు" ని కూడా లాక్కొచ్చి, సబేర్ పక్కన "కోమో" పెట్టి "సే కోమో నదార్" అనేస్తారు. తెలుగులోంచి వచ్చేవాళ్ళకి ఆ బెంగ లేదు. మనం "ఎలా ఈదాలో వచ్చు" అని ఎప్పుడూ అనం కదా.

ఇంకొకటి చూడండి. ఇంగ్లీషులో "ఐ కెన్ స్విమ్" అంటే రెండు అర్థాలు: నాకు ఈత వచ్చు, నేను ఈదగలను. స్పానిష్ వీటిని విడదీస్తుంది. "సే నదార్" అంటే నేర్చుకున్నాను, వచ్చు. "ప్వేదో నదార్" అంటే ఇప్పుడు ఈదడానికి వీలుంది, ఒంట్లో ఓపిక ఉంది, లేదా ఎవరూ అడ్డు చెప్పరు. చెయ్యి విరిగినవాడు మొదటిది అనొచ్చు, రెండోది అనలేడు. తెలుగులోనూ అంతే: "నాకు ఈత వచ్చు గానీ చేతికి కట్టు ఉంది, ఇప్పుడు ఈదలేను." ఈ వాక్యం చెప్పగలిగిన తెలుగు పిల్లకి సబేర్, పొదేర్ తేడా మళ్ళీ కొత్తగా నేర్పక్కర్లేదు. ఆ తేడాకి స్పానిష్‌లో ఏ మాటలున్నాయో చెప్తే చాలు.

ఇంగ్లీషుని తిట్టడం నా ఉద్దేశం కాదు. పాత ఇంగ్లీషులో కూడా ఇలాంటి మాటలు మూడు ఉండేవి. విషయం తెలియడానికి విటన్, గుర్తుపట్టడానికి క్నావన్, పరిచయానికీ విద్యలకీ కున్నన్. ఈ రోజు మనం వాడే కెన్ ఆ కున్నన్‌లోంచి వచ్చిందే. అంటే "కెన్" ఒకప్పుడు మన "వచ్చు" లాంటిదే. కాలం గడిచేకొద్దీ విటన్ వాడుక పోయింది, కున్నన్ కెన్ అయిపోయింది, బరువంతా నో మీద పడింది. అందుకే నో కి ఇన్ని అర్థాలు.

ఇక మనుషుల సంగతి. "ఐ నో మరియా" అనాలంటే "కొనోస్కో ఆ మరియా" అంటారు. మధ్యలో ఆ "ఆ" ఎందుకు వచ్చిందని క్లాసులో ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అడుగుతారు. క్రియ చేసే పని ఒక మనిషి మీద పడితే, ఆ మనిషి ముందు "ఆ" పెట్టాలి, వస్తువైతే అక్కర్లేదు. అంతే నియమం. "బేయో లా పెలీకులా" అంటే సినిమా చూస్తున్నాను. "బేయో ఆ మరియా" అంటే మరియాని చూస్తున్నాను. నేను తెలుగులో రాసిన అర్థాలు మళ్ళీ చదవండి. "సినిమా చూస్తున్నాను" దగ్గర ఏమీ లేదు. "మరియాని" దగ్గర "ని" వచ్చేసింది. సినిమా దగ్గర "ని" పెట్టినా పెట్టకపోయినా గడిచిపోతుంది. మనిషి దగ్గర పెట్టకపోతే వాక్యం కుంటుతుంది. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్ళకి స్పానిష్‌లో ఇది ఒక వింత. మనకి చిన్నప్పటినుంచీ నోట్లో ఉన్న అలవాటు. దీన్ని మన పిల్లలకి ఎవరూ చెప్పరు, ఎందుకంటే స్పానిష్ టీచర్‌కి తెలుగు రాదు, తెలుగు టీచర్‌కి స్పానిష్ రాదు.

కొనొసేర్‌కి తెలుగులో అన్నిటికంటే దగ్గర మాట "ఎరుగు". "నేను రవిని ఎరుగుదును." ఇక్కడ చేసేవాడు "నేను", ఎదుటివాడు "రవిని". "కొనోస్కో ఆ రవి" కి కూడా అచ్చం ఇదే కట్టు. "నాకు రవి తెలుసు" అంటే కట్టు మారిపోతుంది, అక్కడ "నేను" పోయి "నాకు" వస్తుంది. ఈ "ఎరుగు" ఇప్పుడు కోస్తా వైపు ఇళ్ళలో పెద్దగా వినపడదు. "కనీవినీ ఎరుగని" అని వార్తల్లోనూ, "నన్నెరుగుదురా" అని పాత సినిమా డైలాగుల్లోనూ మిగిలింది. మా అమ్మ వాళ్ళది గుంటూరు వైపు, ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. మా నాన్నమ్మది కరీంనగర్ దగ్గర పల్లె. ఆవిడకి "తెలుసు" కంటే "ఎరుక" దగ్గర. "నీకెరుకేనా?", "నాకెరుకలేదు" అంటుంది. కొందరు ఇది మోటు మాట అని పిల్లల్ని సవరిస్తుంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పుస్తకాల్లో గౌరవంగా ఉన్న మాటే నాన్నమ్మ నోట్లోనూ ఉంది.

ఇక నాకు బాగా నచ్చిన భాగం, భూతకాలం. స్పానిష్‌లో సబేర్, కొనొసేర్ రెండూ జరిగి ముగిసిన పనిని చెప్పే భూతకాలంలోకి వెళ్ళగానే అర్థం మార్చుకుంటాయని పాఠ్యపుస్తకాల్లో ఒక హెచ్చరిక ఉంటుంది. "లో సూపె అయేర్" అంటే "ఐ న్యూ ఇట్ ఎస్టర్డే" కాదు, "నిన్న కనుక్కున్నాను" అని. "లా కొనోసీ ఎన్ హ్యూస్టన్" అంటే "ఆమెని మొదటిసారి కలిసింది హ్యూస్టన్‌లో" అని. ఇంగ్లీషులో వేరే క్రియలు తెచ్చుకోవాలి. తెలుగులో? "నాకు నిన్న తెలిసింది." "ఆమె హ్యూస్టన్‌లో పరిచయమైంది." "తెలుసు" అంటే ఉన్న స్థితి, "తెలిసింది" అంటే ఆ స్థితి మొదలైన క్షణం. హెచ్చరిక అక్కర్లేదు, మినహాయింపు అక్కర్లేదు, మనం రోజూ అనుకునేదే.

ఇక్కడితో ఆపేస్తే, తెలుగూ స్పానిష్ అక్కాచెల్లెళ్ళని నేను చెప్తున్నట్టు ఉంటుంది. కాదు. ఒకటి ద్రావిడ భాష, ఇంకొకటి లాటిన్‌లోంచి వచ్చింది. సరిపోని చోట్లు బోలెడున్నాయి. "అతను ఎక్కడుంటాడో తెలుసు", "అతను తెలుసు" రెంటికీ మనం "తెలుసు" వాడేస్తాం. స్పానిష్‌లో మొదటిది సబేర్, రెండోది కొనొసేర్. ఇక్కడ తెలుగు మీద పూర్తిగా ఆనుకుంటే పడతాం. పైన పాట దగ్గర "తెలుసు" కి కొనొసేర్ సరిపోయింది, ఇక్కడ "ఎక్కడుంటాడో తెలుసు" కి సబేర్ సరిపోయింది. ఊళ్ళ సంగతి ఇంకా వేరు. "కొనోసెస్ లీమా?" అని అడిగితే ఆ ఊరు పేరు విన్నావా అని కాదు, మామూలుగా ఎప్పుడైనా వెళ్ళావా అని. మనం "లీమా చూశావా?" అంటాం. నో కి బదులు చూడటం వచ్చింది.

అంటే ఒకే రొట్టెని ఇంగ్లీషు కొయ్యకుండా ఇస్తుంది, స్పానిష్ రెండు ముక్కలు చేస్తుంది, తెలుగు నాలుగైదు చేస్తుంది, కోసిన చోట్లు మాత్రం ఒకటి కావు. అందుకే "తెలుసు అంటే సబేర్, ఎరుగు అంటే కొనొసేర్" అని కొత్త పట్టిక తయారుచేసి పిల్లల చేతిలో పెట్టమని నేను అనడం లేదు. టీచర్ గీసిన గడుల పక్కన మనమూ రెండు గడులు గీసినట్టు అవుతుంది, అంతే. నేను అడిగేది, మాటని వదిలి వాక్యాన్ని పట్టుకోమని. ఈ వాక్యంలో తెలిసింది సమాచారమా, విద్యా, మనిషా, ఊరా? తెలిసి ఉండటమా, ఇప్పుడే తెలియడమా? ఈ ప్రశ్నలు ఇంగ్లీషులో ఆలోచించేవాడికి కొత్తగా నేర్చుకోవాల్సినవి. తెలుగు విన్న చెవికి పాతవే.

ఫోన్‌లో ఒంటరిగా నో అని కొట్టి స్పానిష్ అడగడం ఎందుకు పనికిరాదో కూడా ఇందుకే. దానికి వాక్యం ఇవ్వలేదు మీరు. అది మాత్రం ఏం చేస్తుంది?

ఇదంతా క్విజ్‌లో రెండు మార్కుల గొడవ అనుకునేవాళ్ళకి ఒక ఉదాహరణ. సాక్షిని కోర్టులో "డు యు నో దిస్ మ్యాన్?" అని అడిగారనుకోండి. "అతనెవరో తెలుసు గానీ, అతనితో నాకు పరిచయం లేదు" అనేది మామూలు మనిషి చెప్పే మామూలు జవాబు. స్పానిష్‌లో అది హాయిగా వస్తుంది: "సే కియేన్ ఎస్, పెరో నో లో కొనోస్కో." మొదటి సగానికి సబేర్, రెండో సగానికి కొనొసేర్. అదే ప్రశ్నని తెలుగు సాక్షికి "ఈయన మీకు తెలుసా?" అని మార్చి అడిగితే, రోజూ వీధిలో చూసే మనిషి గురించి కూడా "ఆ, తెలుసు" అనేస్తాడు. మంచి దుబాసీ అయితే "ఈయనతో మీకు పరిచయం ఉందా?" అని అడుగుతాడు. స్పానిష్‌లో కూడా ప్రశ్న పూర్తిగా తేటగా ఉండదు. పేరున్న మనిషి గురించి అడిగేటప్పుడు "స్వయంగా కలిశారా" అని తేల్చుకోవడానికి "ఎన్ పెర్సోనా" అని చేర్చాల్సి వస్తుంది. ఒక్క "అవును" మీద ఎంత ఆధారపడి ఉంటుందో కోర్టుకి వెళ్ళినవాళ్ళని అడగండి.

ఇప్పుడు మా ఇంటి గొడవ. మా పిన్ని కూతురు పదో తరగతి చదువుతోంది. శనివారం తెలుగు క్లాసు, వారమంతా స్పానిష్. ఈ మధ్య పిన్ని "రెండూ కలిసి దాని బుర్ర తినేస్తున్నాయి. స్పానిష్‌కి గ్రేడుంది, తెలుగుకి ఏముంది? తెలుగు మానిపించేస్తాను" అంది. ఇలా అనే అమ్మలు మా పిన్ని ఒక్కతే కాదు. నాకు తెలిసి ప్రతి తెలుగు బడిలోనూ తొమ్మిదో తరగతి దగ్గర పిల్లలు రాలిపోతారు, అడిగితే చెప్పే కారణం ఇదే.

నేను పిన్నితో వాదించలేదు. చెల్లిని పిలిచి పైన చెప్పిన పాట వాక్యాలు రెండూ అడిగాను. "అక్కా, తెలుసు అంటే జస్ట్ విన్నాను, వచ్చు అంటే పాడగలను" అని టక్కున చెప్పింది. ఆ రెంటికీ స్పానిష్ చెప్పాను. తర్వాత "ఈదగలను", "ఈత వచ్చు" అడిగాను. అరగంటలో వంటింటి టేబుల్ మీద ఒక కాగితం నిండింది. పిన్ని పోపు వేస్తూ వింటూనే ఉంది. "అయితే మరి రుచి తెలియడానికి ఏమంటారు?" అని అక్కడినుంచే అడిగింది. జలుబు చేస్తే నోటికి రుచి తెలియదు అంటాం కదా, అది. ఆ ప్రశ్నకి నేను ఎగిరి గంతేశాను. ఎందుకంటే సబేర్ అనే క్రియకి రుచి అనే అర్థం కూడా ఉంది. "సాబె ఆ లిమోన్" అంటే నిమ్మకాయ రుచి వస్తోంది అని. లాటిన్ మూలంలో సబేర్‌కి రుచి, తెలివి రెండూ ఉన్నాయి. స్పానిష్ క్లాసుకి ఒక్క రోజు కూడా వెళ్ళని మనిషి, కేవలం తెలుగుతో ఆ ప్రశ్న దాకా వచ్చింది.

తెలుగు క్లాసు మానిపించాలా వద్దా అనేది ఇంకా తేలలేదు. పిన్ని "చూద్దాం" అంది. మా ఇంట్లో "చూద్దాం" అంటే ఏమిటో మీ ఇంట్లోనూ అదే అయ్యుంటుంది.

తెలుగు బళ్ళు నడిపేవాళ్ళకి నా విన్నపం ఏమిటంటే, హైస్కూల్ పిల్లలకి నెలకి ఒక్క గంట స్పానిష్ పుస్తకం పక్కన పెట్టుకుని తెలుగు చెప్పండి. స్పానిష్ రావాల్సిన అవసరం మీకు లేదు, అది పిల్లలకి వచ్చు. "మె గుస్తా" వాళ్ళు చెప్తారు, "నాకు నచ్చుతుంది" మీరు చెప్పండి. రెంటిలోనూ నచ్చే వస్తువే కర్త అనీ, మనం "నాకు" దగ్గర పక్కన నిలబడ్డామనీ వాళ్ళే పట్టుకుంటారు. "నేను తెలుసు" అని అలవాటు పడ్డ పిల్లలు కూడా "నాకు తెలుసు" కి ఇలా తొందరగా వస్తారు. గద్దిస్తే రారు. స్పానిష్ మనకి పోటీ అనుకోవడం మానేస్తే బాగుంటుంది. ఈ దేశంలో ఇంగ్లీషు తర్వాత ఎక్కువమంది మాట్లాడే భాష అది. పిల్లలు దాన్ని ఎలాగూ చదువుతారు.

ఇంకొక మాట, ఇది నాలాగా సొంతంగా నేర్చుకునేవాళ్ళ కోసం. "ఐ డోంట్ నో తెలుగు" అని మనలో చాలామంది ఏళ్ళ తరబడి చెప్పాం. దాన్ని స్పానిష్‌లోకి మార్చమంటే ఒక్క క్షణం ఆగాలి. "నో సే తెలుగు" అంటే మాట్లాడటం రాదు. మరి తిట్లు, కూరల పేర్లు, జోలపాట, ఫోన్‌లో అమ్మమ్మ గొంతు వినగానే ఆవిడ కోపంగా ఉందో లేదో పట్టేయడం, ఇవన్నీ ఏ లెక్కలోకి వస్తాయి? అవి రాకపోవడం కాదు. అందుకే తెలుగులో మనం "రాదు" అన్నా, వెంటనే "అర్థమవుతుంది" అని కలుపుతాం. ఇండియాలో బయోడేటాల్లో "తెలిసిన భాషలు" అని రాసి, దాని కింద చదవడం, రాయడం, మాట్లాడటం అని మూడు గళ్ళు పెడతారు చూశారా? నో ఒక్కటీ చాలదని ఆ కాగితం తయారుచేసినవాళ్ళకి కూడా అర్థమైంది. నాకైతే నాలుగో గడి కూడా కావాలి, వినడం అని. మనలో చాలామంది ఆ గడిలో ధైర్యంగా టిక్కు పెట్టుకోవచ్చు.

వచ్చే పోస్టులో "టైమ్" సంగతి. స్పానిష్‌లో తియేంపో, ఓరా, బెస్. మనకి కాలం, వేళ, పూట, సారి, తడవ, ఇంకా చాలా. మీ ఇంట్లో "సారి" కి బదులు ఇంకేమైనా మాట వాడితే, ఏ జిల్లా వాళ్ళో చెప్పి నాకు రాయండి.